తాళం ఉంటే పక్కింటికి

శూన్య పరికల్పన అనే మాటను మా బావ జీవితంలో ఒకే ఒక్కసారి విన్నాడు. విన్న నిమిషంలోనే దాని గుట్టు పట్టేశాడు. నేను జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళుగా స్టాటిస్టిక్స్ చెప్తున్నాను. ఏటా ఆ ఒక్క మాట దగ్గర పిల్లలతో గొంతు చించుకుంటాను, అయినా సగం మందికి ఎక్కదు. మా బావ ఏడో తరగతి దాటలేదు. రేగొండ అవతల వాళ్ళ ఊరి గుట్ట వెనక కంకర క్రషర్ ఉంది. అక్కడ బెల్టు కింద పేరుకునే రాతిపిండిని పారతో ఎత్తిపోయడం ఆయన పని.

ఆ రోజు నేను అక్క వాళ్ళ ఇంటి ముందు మంచం మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. బావ పని నుంచి వచ్చి, కనుబొమల మీద తెల్లటి పిండి అలాగే ఉండగా, పక్కన చతికిలబడ్డాడు.

"ఏంది బామ్మర్దీ, గిన్ని కాయితాలు? పరీక్షలా?"

"పరీక్షనే బావా. కాని పోరలకు గాదు, ఊర్లకు. క్రషర్ల పక్కపొంటి ఊర్లు కొన్ని, దూరమున్న ఊర్లు కొన్ని. రెండిట్ల దమ్ము రోగం, దగ్గు ఎక్కువ తక్కువ ఉన్నదా చూస్తం. ముందుగాలైతే తేడా లేదనే అనుకోవాలె. గదాన్నే శూన్య పరికల్పన అంటం. లెక్కలు గదాన్ని కాదంటేనే తేడా ఉన్నట్టు."

బావ ఒక కాగితం ఎత్తి చూశాడు. "అంటే, మేం మంచిగున్నమని మీరు ముందే అనుకుంటరు. కాదయ్యా సస్తున్నమని మేమే సాబితు చెయ్యాలె. గంతేనా?"

"గంతే బావా."

"మా క్రషర్ సేటు గూడ గదే అంటడు. మీ బుక్కు ఆయననే రాసిండా ఏంది?"

నేను పడీపడీ నవ్వాను. బావ కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. అక్క లోపల్నుంచి నీళ్ళ చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చి, నా వైపు చూసి, "నవ్వుడు గాదు, జర ఈయన్ని చూడు" అంది. నేను చూడలేదు. కాగితాలు చూసుకున్నాను.

సర్వే సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. వాళ్ళ దగ్గర ఊపిరితిత్తుల ఎక్స్‌రేలు తీసే వ్యాను ఒకటి ఉంది. ఉన్నది ఒక్కటే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో క్రషర్ల పక్క ఊళ్ళలో ఛాతీ జబ్బు మిగతా ఊళ్ళకంటే ఎక్కువని తేలితే ఆ వ్యాను ఆ ఊళ్ళన్నీ తిరుగుతుంది, పనివాళ్ళందరికీ ఎక్స్‌రే తీస్తుంది. తేలకపోతే వేరే పని మీద వేరే జిల్లాకు వెళ్ళిపోతుంది. తేల్చే పని నాకు అప్పగించారు. నేను ఎగిరి గంతేశాను. బోర్డు మీద సుద్దతో వేసే లెక్కలు తప్ప నిజం లెక్క చేసే అవకాశం నాలాంటి వాడికి ఎక్కడొస్తుంది?

అడగడానికి నా డిగ్రీ పిల్లల్నే పెట్టుకున్నాను. ఊరూరా ఇళ్ళ జాబితా తీసి, చీటీలు తీసినట్టు ఇళ్ళను ఎంచాం. బావ వాళ్ళ ఊరు కూడా అందులో వచ్చింది, కానీ వాళ్ళ ఇల్లు రాలేదు. ఆ మాట చెప్తే, "నా నసీబుల చిట్టీ ఎన్నడు లేసిందిరా" అన్నాడు బావ.

పిల్లల్ని పంపే ముందు కాలేజీలో ఒక పూట శిక్షణ ఇచ్చాను. ఏ ఇంట్లో ఏం అడగాలి, ఏ జవాబుకు ఏ అంకె వేయాలి, అన్నీ నేనే రాశాను. ఇంట్లో గడిచిన ఏడాదిలో వారాల తరబడి దగ్గిన వాళ్ళున్నారా, ఛాతీ జబ్బుతో పోయిన వాళ్ళున్నారా అన్నవి అసలు ప్రశ్నలు. బోర్డు మీద ఒక నియమం పెద్ద అక్షరాలతో రాశాను. ఇంటికి తాళం ఉంటే ఇంకోసారి వెళ్ళండి, అప్పుడూ తాళం ఉంటే పక్కింటికి వెళ్ళండి. ఏ సర్వేలో అయినా ఉండే నియమమే అది, నేను కనిపెట్టిందేం కాదు. తరిగొప్పుల నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, తాళం ఎందుకేసిండ్రో రాయాల్నా?"

"ఎందుకమ్మా? కంప్యూటర్‌కు తాళం కథలు అక్కర్లేదు. అంతగా మనసాగకపోతే రిమార్కుల గడిలో రాసుకో" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనే పెద్ద తెలివిగా మాట్లాడానని లోలోపల మురిసిపోయాను కూడా.

పిల్లలు ఎండలో తిరిగి తిరిగి ఫారాలు తెచ్చారు. కట్టలకు కట్టలు. స్టాఫ్ రూములో మా ఇంగ్లిషు సారు వాటిని చూసి నోరెళ్ళబెట్టాడు. నాకైతే ఆ గుట్టను చూస్తే కడుపు నిండినట్టుండేది. పాఠంలో బృహత్ ప్రతిరూపం అని చెప్తాం. మాటకు జడుసుకోనక్కర్లేదు, పెద్ద శాంపిల్ అని అర్థం. శాంపిల్ పెద్దదైతే లెక్క గట్టిగా నిలబడుతుంది, పొరపాటుకు చోటు తగ్గుతుంది. మార్కెట్ యార్డులో ఒక్క బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి ధాన్యం తీసి చూసేవాడి మాట కంటే, వంద బస్తాల్లో గుచ్చినవాడి మాట నమ్ముతాం కదా. అదే ధీమా నాది.

లెక్క కట్టాను. అంకెలు ఇక్కడ రాయను, అంకెలు కనపడగానే కళ్ళు మూసుకునేవాళ్ళు చాలామంది. రెండు రకాల ఊళ్ళ మధ్య తేడా ఇంత నుంచి ఇంత దాకా ఉండవచ్చు అని రెండు హద్దులు వేస్తాం. దాన్ని విశ్వాస అంతరం అంటారు. ఆ హద్దుల మధ్యలో సున్నా పడిందంటే, అసలు తేడా లేకపోవడానికి కూడా వీలుందని అర్థం. నా లెక్కలో కింది హద్దు సున్నాకు వెంట్రుకవాసి కిందికి జారింది, అంటే సున్నా మధ్యలోనే పడింది. ఇంకో దారిలో చేసి చూశాను. ఆ దారిలో తేడా నిజమనాలంటే వచ్చిన అంకె ఒకటి పాయింట్ తొంభై ఆరు దాటాలి. దాటలేదు, దాని గడప దాకా వచ్చి ఆగిపోయింది.

ఇంగ్లిషు నివేదికలో సరిగ్గానే రాశాను: తేడా ఉందని చెప్పడానికి ఆధారం చాలలేదని. ఊళ్ళవాళ్ళకు పంచే తెలుగు కాగితంలో మాత్రం పొట్టిగా ఉండాలని, "తేడా లేదు" అని రాశాను. ఆధారం చాలకపోవడం వేరు, తేడా లేకపోవడం వేరు. పరీక్షలో ఏ పిల్లాడైనా రెండూ ఒకటేనని రాస్తే ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టి మార్కులు కోసే మనిషిని నేను. నా చేత్తో నేనే ఆ తప్పు రాసి, కింద సంతకం పెట్టాను. థూ, ఏం చదువో నాది.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మీ బావకు దగ్గు తగ్గుతలేదు. మెట్లెక్కితే ఆయాసం. వరంగల్ పెద్ద దవాఖానకు పోదాం పా అంటే ఇంటలేడు. నాగా అయితే సేటు ఇంకొకన్ని పెట్టుకుంటడట. నీ మాటైతే ఇంటడు, నువ్వన్న చెప్పు."

అంతలోనే బావ ఫోన్ లాక్కున్నాడు. "దాని మాటకేంది గని, మీ లెక్క ఏం తేలింది బామ్మర్దీ?"

"ఏం లేదు బావా" అన్నాను. "అన్ని ఊర్లు తిరిగినం, అన్ని ఇండ్లు అడిగినం. క్రషర్ ఊర్లకు, మిగిలిన ఊర్లకు ఫరక్ ఏం లేదు. ఊకె పరేషాన్ గాకు."

"ఇన్నవా?" అని అక్కతో అనడం ఫోన్లోంచి వినపడింది. "మన బామ్మర్ది లెక్క తీసి చెప్పిండు."

ఊళ్ళ లెక్క ఒక మనిషి ఛాతీ గురించి ఏమీ చెప్పదు. అది కూడా నేను పాఠం చెప్పే సంగతే. ఎదురుగా కూర్చుని దగ్గుతున్న మనిషిని చూసి ఆసుపత్రికి పొమ్మనడానికి ఏ పరీక్షా అక్కర్లేదు. కానీ నాకు నా లెక్క మీద నమ్మకం, మా బావకు నా మీద నమ్మకం. ఆయన ఆ మాటను తన దగ్గరే ఉంచుకోలేదు కూడా. క్రషర్‌లో తనతో పనిచేసే వాళ్ళందరికీ చెప్పాడు. పెద్ద సారు, కాలేజీల చెప్తడు, మా బామ్మర్దే, ఏం లేదన్నడు అని. వ్యాను వేరే జిల్లాకు వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగేసరికి బావ పార ఎత్తలేకపోయాడు. ఊళ్ళో ఒకాయన మందులిచ్చాడు, తర్వాత టీబీ కావచ్చని కొన్నాళ్ళు మాత్రలు మింగాడు, ఏదీ పనిచేయలేదు. చివరకు అక్క ఒక్కతే కారు మాట్లాడుకుని వరంగల్ తీసుకొచ్చి నాకు ఫోన్ చేసింది. నేను జనగామ నుంచి వెళ్ళేసరికి బావ ముక్కుకు గొట్టం పెట్టి ఉంది. మనిషి సగమయ్యాడు. భుజం ఎముకలు చొక్కాలోంచి పొడుచుకొస్తున్నాయి.

డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసి, ఎన్నేళ్ళు రాతిపిండిలో పనిచేశాడని అడిగాడు. అక్క చెప్పింది.

"దీనికి మందు లేదండీ. పని మాన్పించడమే మందు. ఏడాది కిందట తెచ్చి, ఆ దుమ్ములోంచి తప్పించి ఉంటే ఇంకొన్నేళ్ళు లాక్కొచ్చేవాడు" అన్నాడు.

నేను మంచం పక్కన నిలబడి ఉన్నాను. బావ నా మొహం చూశాడు. మాట మాటకూ ఊపిరి పీల్చుకుంటూ, "నా ఇల్లు మీ చిట్టీల రాలే గద బామ్మర్దీ. గందుకే మీకు తెల్వలే" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు మహానుభావుడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట చెప్పుతో కొట్టినట్టు తగిలింది నాకు. ఆ తర్వాత పదిహేను రోజులకు ఆయన చనిపోయాడు.

అయ్యగారు పంచాంగం చూసి, ధనిష్ఠలో పోయాడు, ఇల్లు ఆరు నెలలు పాడువెట్టాలె అన్నాడు. మా వైపు సంగతి తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. చెడ్డ నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంట్లో దీపం పెట్టరు, పొయ్యి వెలిగించరు. ఇల్లు ఖాళీ చేసి, తాళం వేసి, అయ్యగారు చెప్పినన్ని నెలలు వేరేచోట తలదాచుకుంటారు. దాన్నే ఇల్లు పాడువెట్టడం అంటారు. నమ్మినవాళ్ళూ పెడతారు, నమ్మనివాళ్ళు ఊరికి జడిసి పెడతారు. అక్క పిల్లలిద్దరూ గురుకులం హాస్టల్లో ఉన్నారు. తను ఒక్కతే ఉండటానికి బావ పాలివాళ్ళ పశువుల కొట్టం ఒకటి దొరికింది.

దినాలు అయిన మర్నాడు సామాను మోశాం. బియ్యం డబ్బా, గ్యాసు పొయ్యి, గిన్నెల మూట, బావ చొక్కాలు. అక్క తలుపేసి తాళం పెట్టింది. నేను పెద్దనాయిన అని పిలిచే ముసలాయన ఒకరు తుమ్మకొమ్మ ఒకటి నరికి తెచ్చి, పాడువెట్టిన ఇంటికి గుర్తుగా గడపకు అడ్డంగా నిలబెట్టసాగాడు. అవతల్నుంచి ఎవరో, "కంప జర గట్టిగ వెట్టు, మేకలు గుంజుతయి" అన్నారు.

కంప.

ఆ మాట నేను చదివాను. ఒకసారి కాదు, చాలాసార్లు. తరిగొప్పుల అమ్మాయి ఫారాల్లో, రిమార్కుల గడిలో, చిన్న చిన్న అక్షరాలతో, "తాళం. కంప." ఇల్లు చాలాకాలంగా వాడక ముళ్ళపొదలు మొలిచాయని రాసిందేమో అనుకుని కట్ట తిరగేశాను. ఈ గడ్డ మీద పుట్టినవాణ్ణి నేను. చిన్నప్పుడు మా వాడలో ఇలాంటి ఇల్లు ఒకటుంటే, దాని ముందు నుంచి ఊపిరి బిగబట్టి పరుగెత్తేవాణ్ణి. నాకు తెలియని సంగతా ఇది? కళ్ళు నెత్తికెక్కితే ఇంతే.

"పెద్దనాయినా, ఈ ఊర్ల గిట్ల పాడువెట్టిన ఇండ్లు ఇంక ఉన్నయా?" అని అడిగాను.

"ఉండకేం బిడ్డా? గా మూలమీద ఒకటి, ట్యాంకు కాడ రెండు. నిరుడైతే ఇంక ఎక్కువనే ఉండె. క్రషర్ల చేసెటోళ్ళు ఒకలెన్క ఒకలు పోతున్నరు గద."

అక్క వెనక్కి తిరిగి, "ఏందిరా గట్ల నిలవడ్డవ్? గా గిన్నెల మూట పట్టు" అంది. మూట పట్టుకుని నడిచాను.

జనగామ వచ్చిన రోజే స్టాఫ్ రూము బీరువా పక్కన పడేసిన కట్టలు విప్పాను. తాళం అని ఉన్న ఫారాలన్నీ వేరు చేసి, క్రషర్ ఊళ్ళవి ఒక పక్క, దూరపు ఊళ్ళవి ఒక పక్క పేర్చాను. క్రషర్ ఊళ్ళ పేర్పు జానెడు లేచింది. రెండోది పల్చగా ఉంది. కంప్యూటర్‌లో ఆ ఇళ్ళ జాడే లేదు. వాటి బదులు పక్కిళ్ళు ఉన్నాయి. చావు ఉన్న ఇంటిని వదిలేసి, పొయ్యి వెలుగుతున్న ఇంటికి వెళ్ళి, మీరు బాగున్నారా అని అడిగి వచ్చాం మేము. నేనే అలా అడగమన్నాను, బోర్డు మీద పెద్ద అక్షరాలతో.

తరిగొప్పుల అమ్మాయికి ఫోన్ చేశాను. ఇప్పుడు బీఈడీ చదువుతోంది.

"అవు సార్, పాడువెట్టిన ఇండ్లే. కొన్నైతే మనిషిని హైదరాబాద్ దవాఖానల ఏసి, ఇంటిల్లిపాది ఆడనే ఉన్నోళ్ళయి. మీకు తెల్వదా సార్? మీది గూడ ఇటేనాయె, తెలుసనే అనుకున్న. గదానికి మీరు కోడ్ ఇయ్యలే గద సార్."

ఆ పిల్ల గొంతులో నింద లేదు. కోడ్ లేదు కాబట్టి అంకె వేయలేదు, రిమార్కుల గడిలో రాసి ఊరుకుంది, అంతే. నేను తనను ఏమనను? ఆదివారాలు నాతో వస్తావా అమ్మా అని అడిగితే వస్తానంది.

సెలవు దొరికినప్పుడల్లా తిరిగాం. పాలకుర్తి వైపు ఆటోల్లో, మహబూబాబాద్ వైపు రైల్లో, రేగొండ వైపు బస్సులో. అప్పటి తాళాలు ఇప్పుడు తెరిచి ఉన్నాయి. తలుపు తీసిన వాళ్ళను ఒకటే అడిగాం, అప్పుడు ఎందుకు తాళం వేశారని. దూరపు ఊళ్ళలో చాలామంది నవ్వి, పత్తి ఏరనీకి పోయినం అనో, పెండ్లికి పోయినం అనో చెప్పారు. క్రషర్ ఊళ్ళలో ఎవరూ నవ్వలేదు. గోడ మీద ఫొటో చూపించేవాళ్ళు.

మహబూబాబాద్ దగ్గర ఒక ఊళ్ళో ఒక అవ్వ మమ్మల్ని గుర్తుపట్టింది. "మీ పోరలు రెండుసార్లు వచ్చిండ్రు బిడ్డా. మేం ఎనుక కొట్టంలనే ఉన్నం. నా కొడుకు పోయి నెల గూడ గాలే. పిలుస్తరేమో అని చూసిన. తాళం చూసి పక్కింట్లకు పోయిండ్రు" అంది. ఆమె ఎదురు చూసింది. అరవై అడుగుల దూరంలో కూర్చుని, ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని. నాకు ఆమె ముందు తలెత్తడం చేతకాలేదు.

పెద్ద శాంపిల్ అని విర్రవీగాను కదా. ఒక పక్కకు మొగ్గే తరాజు పెట్టుకుని వెయ్యిసార్లు తూచినా అది సరైన బరువు చెప్పదు. తూచిన కొద్దీ తప్పుడు బరువు మీదే నమ్మకం గట్టిపడుతుంది. చిన్న శాంపిల్ అయి ఉంటే నాకే అనుమానం మిగిలేది, బావతో అంత ధీమాగా మాట్లాడేవాణ్ణి కాదు. పుస్తకంలో లెక్కలన్నీ, ఇళ్ళు చీటీల ప్రకారమే దొరికాయి అనుకుని మొదలవుతాయి. ఆ అనుకోవడం నిజమా కాదా అని ఊళ్ళోకి వెళ్ళి చూడాల్సింది మనిషి. అది పుస్తకం పని కాదు, నా పని.

పక్కిళ్ళను తీసేసి, అసలు చీటీలో వచ్చిన ఇళ్ళను వాటి చోట పెట్టి మళ్ళీ లెక్క కట్టాను. సున్నా హద్దుల బయట పడింది. ఒకటి పాయింట్ తొంభై ఆరు ఎప్పుడో దాటిపోయింది. తెర మీద ఆ అంకె చూసి, బయటికెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చాను. తప్పు నాదేనని, ఎలా జరిగిందో అంతా పూసగుచ్చినట్టు సంస్థ వాళ్ళకు రాశాను. వాళ్ళు మర్యాదస్తులు, ఒక్క మాట అనలేదు. వ్యానును పంపుతామన్నారు. అంత పెద్ద శాంపిల్‌లో కూడా ఇలా అవుతుందా సార్ అని మాత్రం ఒకాయన ఆశ్చర్యపోయాడు.

కాగితం పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మంచి వార్త చెప్తున్నాననే అనుకున్నానేమో. అక్క కొట్టం ముందు రాతి మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"అక్కా, క్రషర్ ఊర్లల్ల రోగం ఎక్కువున్నదని తేలింది. వ్యాను వస్తది. పనిచేసెటోళ్ళందరికి ఎక్స్‌రే తీస్తరు."

చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం తీసుకుంది. చదవలేదు, చేత్తో పట్టుకుని చూసింది. "గిది కొత్తగ తీసిన లెక్కనా?"

అబద్ధం చెప్పొచ్చు. అవునంటే అయిపోయేది. "కాదక్కా. అప్పటిదే. అప్పుడు తాళాలున్న ఇండ్లకు మల్ల పోయి అడిగినం, గంతే."

"అప్పటిదంటే? మీ బావ నిన్ను ఫోన్ల అడిగిన్నాటిదా?"

"ఆఁ."

"గా ఇండ్లల్ల అప్పుడే అడిగి ఉంటే?"

"అప్పుడే తేలుతుండె అక్కా."

అక్క ఏడవలేదు. కాగితం మడత మీద మడత పెట్టి నా చేతికిచ్చింది.

"నేను దవాఖానకు పోదామన్న తమ్మీ. బట్టలు సదిరి సంచి గూడ వెట్టిన. నీతోని ఫోన్ల మాట్లాడినంక, సంచిలకెల్లి బట్టలు తీసి మల్ల దండెం మీదేసిండు. బామ్మర్ది చెప్పిండు, ఇగ అయిపాయె అన్నడు. మర్నాడు పొద్దుగాల్నే పారపట్టుకొని పోయిండు."

"నాదే తప్పక్కా."

"నీదే" అంది.

కాదులేరా అంటుందని ఎదురుచూశాను. సిగ్గులేని మనసు, నిజంగానే ఎదురుచూసింది. చిన్నప్పుడు నేనేం పాడు పని చేసినా బాపు ముందు తన మీద వేసుకున్న మనిషి ఆమె. ఈసారి వేసుకోలేదు. మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది. ఇంతకీ ఆరు నెలలు దాటాక పాడువెట్టిన ఇల్లు తెరుస్తారు. కడిగి, సున్నం వేసి, పొయ్యి వెలిగిస్తారు. ఆ రోజు పుట్టింటివాళ్ళు తప్పకుండా రావాలి, ఆడబిడ్డకు చీర పెట్టాలి. మా బాపు, అమ్మ ఎప్పుడో పోయారు. పుట్టిల్లంటే నేను ఒక్కణ్ణే.

"ఇల్లు తెరిచిన్నాడు నువ్వు రాకు తమ్మీ" అంది అక్క, తలెత్తకుండా. "చీర గూడ పంపకు. నిన్ను చూస్తే నాకు ఆగది. నలుగుట్ల నిన్ను ఏమన్న అంట. అటెన్క నాకే బాధైతది."

"నేను గాకుంటే ఇంకెవలొస్తరక్కా?"

"ఎవలు రాకున్నా తలుపు తెరుసుకుంటది."

వ్యాను ఆ నెలాఖరులో వచ్చింది. తరిగొప్పుల అమ్మాయి వెళ్ళి చూసి వచ్చి, బావతో పనిచేసిన వాళ్ళు వరసగా నిలబడి ఎక్స్‌రే తీయించుకున్నారని, చాలామందిని పని మానమన్నారని చెప్పింది. మీ అక్కగారు కూడా వరసలో ఉన్నారు సార్, ఆమె ఛాతీ మంచిగనే ఉందట అంది. నా గురించి ఏమైనా అడిగిందా అని నేను అడగలేదు.

అక్క ఇల్లు తెరిచిన రోజు ఆదివారం. నాకు కాలేజీ కూడా లేదు. పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సాయంత్రం దాకా జనగామలో మా ఇంట్లోనే కూర్చున్నాను.